యాభైరెండు మీద డెబ్బైఏడు

"చిన్న గిన్నె మీద పెద్ద మూత పెట్టొచ్చా, పెద్ద గిన్నె మీద చిన్న మూత పెట్టొచ్చా? చెప్పండి చూద్దాం," అని అడిగింది హనుమాయమ్మ.

వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న మనవలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మమ్మ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆవకాయ కలిపినా అందులో ఓ పాఠం కలపందే ఊరుకోదు.

"చిన్న మూత లోపల పడిపోద్ది," అంది వాణి.

"పడిపోతుంది. పెద్దదైతే చుట్టూ కాస్త మిగులుతుంది, అంతే. మిగిలితే నష్టం లేదు, చాలకపోతేనే చిక్కు."

"ఇది పరీక్షలో వస్తుందా?" అన్నాడు చంటి.

"వచ్చిన రోజు చెప్తాలే."

ఆవకాయ జాడీలోకి ఎత్తేసింది. పైన నూనె తేలింది. ఇక మూతికి గుడ్డ బిగించి వాసెన కట్టడమే మిగిలింది. పాత పంచె ముక్క చింపుతూ తలెత్తేసరికి గుమ్మంలో తనే కనబడింది. చేతుల నిండా కారం, ముక్కు మీద ఆవపిండి. హనుమాయమ్మ ముక్కు తుడుచుకుని, "రా అమలా," అంది.

పై వాటాలో ఉండే పట్టాభి కూతురు అమల. మెడిసిన్ సీటు కోసం చైతన్యపురిలో లాంగ్‌టర్మ్ కోచింగుకి వెళ్తుండగా ఆ పిల్ల ఒంటికి మెరుపు పట్టింది. మొదట నుదురు, తర్వాత బుగ్గలు. దీపావళికల్లా మొహమంతా కొత్త షాపు అద్దాల తలుపులా తయారైంది. ఎవరు చూస్తే వాళ్ళే కనబడతారు. ఎల్‌బీ నగర్‌లో వాళ్ళ సందు మలుపున ఆటోవాళ్ళు ఆమెను ఓ నిమిషం ఆపి, క్రాపు సరిచేసుకుని, "థాంక్స్ చెల్లె," అనేవాళ్ళు. పట్టాభి అయితే కూతుర్ని చూసినప్పుడల్లా మురిసిపోయేవాడు. "మా అమ్మాయి అచ్చు నా పోలికండీ!"

"మళ్ళీ తిప్పికొట్టారు మామ్మగారూ," అని అమల ఫోన్ చూపించింది.

చేనేత కాలేజీ దరఖాస్తులో పెట్టిన ఫొటో అది. వెనక తెల్ల తెర, కింద అమల చుడీదారు మెడ. పైన మాత్రం స్టూడియో వెంకటనర్సయ్య బుర్రమీసాలు, కంటికి ఆనించిన కెమెరాతో సహా. దాని కింద ఎర్రటి అక్షరాలు: ఫొటోలో ఉన్నది అభ్యర్థి కాదు.

"ఆఖరు తేదీ ఎప్పుడే?"

"ఇవాళ సాయంత్రమే. ఫొటో పడితే ఆ కాలేజీకి దరఖాస్తు పంపించుకో, పడకపోతే సోమవారం నుంచి మళ్ళీ లాంగ్‌టర్మ్‌కే అన్నారు నాన్న. ఫీజు కట్టడానికి బయల్దేరుతున్నారు కూడా." ఆ గొంతులో ఏడుపుంది. మొహంలో మాత్రం హనుమాయమ్మ కళ్ళజోడే కనిపించింది.

మంగళగిరిలో తాతగారి మగ్గం పక్కన కూర్చుని పోగులు లెక్కపెడుతూ పెరిగిన పిల్ల. ఆ సంగతి హనుమాయమ్మకు తెలుసు.

"ఇలా రా. నువ్వు అద్దానివో గాజువో తేల్చాలి ముందు."

"రెండూ ఒకటి కాదా?"

"ఎలా అవుతాయి? అద్దానికి వెనక వెండిపూత ఉంటుంది, ఇక చూపు లోపలికి పోదు. గాజుకైతే పైన మెరుపే గాని లోపలికి దారుంటుంది." హనుమాయమ్మ చేతులు కడుక్కుని, మూసిన కొట్లోకి తొంగిచూసేవాళ్ళలా అమల చెంప మీద రెండు అరచేతులూ గొడుగు పట్టి కన్ను ఆనించింది. కాసేపు చీకటి. ఆ తర్వాత లోపల ఎవరో రెప్ప వేశారు.

"ఉన్నావులే," అంది నిమ్మళంగా. "చెరువు మీద ఎండ తళతళను కోసేసి అడుగున తిరిగే చేపను చూపించే గాజుబిళ్ళ ఒకటుంది. పోలరైజర్ అంటారు. నర్సయ్యగారి దగ్గర లేకపోదు. పద."

జాడీ మీద పళ్ళెం బోర్లించి, "వాసెన వచ్చి కడతాను. ఎవరూ కదిపారో!" అని మనవలకు చెప్పి చెప్పులేసుకుంది.

మెట్రోలో ఆడవాళ్ళ పెట్టెలో ఒకావిడ అమల బుగ్గలో చూస్తూ బొట్టుబిళ్ళ సర్దుకుంది. "కొంచెం ఎడమకండీ," అంది అమల, కదలకుండా నిలబడి.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో పక్కసందులో వెంకటనర్సయ్య స్టూడియో. అమలను చూడగానే ఆయన మీసం దువ్వుకున్నాడు.

"అగో, మల్లొచ్చినవా బిడ్డా? గీసారి మీసాలు తీసేసి తీస్తగని, గప్పుడు నా బోడిమూతి వస్తది."

హనుమాయమ్మ వచ్చిన పని చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు.

"గా ఫిల్టర్ బిళ్ళ ఉన్నది టీచరమ్మా. గని అది నా పెద్ద లెన్సుది, డెబ్బైఏడు సైజు. గా లెన్సు మా అల్లుడు మీర్‌పేట్ పెండ్లికి పట్కపోయిండు. ఈడున్న లెన్సు మూతి యాభైరెండు. ఎట్ల కూసుంటది? ఆగుర్రి, పాత చిన్న ఫిల్టరొకటి ఉండాలె."

ఆ చిన్నది నలభైఆరు. దాన్ని లెన్సుకు పట్టించే రింగు కూడా దొరికింది. బిగించి తీస్తే నాలుగు మూలలా నల్లగా, బోరుపైపులోంచి తొంగిచూసినట్టు వచ్చింది ఫొటో. మధ్యలో మళ్ళీ మీసాలే.

"పెద్ద గిన్నె మీద చిన్న మూత," అంది హనుమాయమ్మ. "చాలలేదు, అందుకే అంచులు మూసేసింది. చిన్న గిన్నె మీద పెద్ద మూత పెట్టే రింగులు లేవా?"

"ఎందుకు లేవు!" ఆయన సొరుగు బోర్లించాడు. పిప్పరమెంట్ల డబ్బాలో రింగులు గలగలమన్నాయి. "యాభైరెండు నుంచి అరవైఏడు. అరవైఏడు నుంచి డెబ్బైఏడు. మొదటి నెంబరు లెన్సుది, రెండోది ఫిల్టర్‌ది. మెట్ల లెక్క ఎక్కుడే."

తొందరలో మొదటి రింగు మర అడ్డం పడి బిగుసుకుంది.

"బలం పెట్టకండి నర్సయ్యగారూ. ముందు వెనక్కి తిప్పండి. టక్కుమంటుంది, అప్పుడు ముందుకు."

"నాకెరికే టీచరమ్మా. గిది జాడీ మూత గాదు."

"మర ఎక్కడైనా మరే."

ఆయన గొణుక్కుంటూ వెనక్కి తిప్పాడు. టక్. ముందుకు తిప్పితే వెన్నలా దిగింది. మొదటి రింగు, దాని మీద రెండోది, దాని మీద పూరీ అంత పోలరైజర్. చిన్న లెన్సు పెద్ద గొడుగు పట్టుకున్నట్టుంది.

అమల తెర ముందు స్టూలు మీద కూర్చుంది. ఆయన ఎదురుగా నిలబడి బిళ్ళ తిప్పాడు. ఎంత తిప్పినా మీసాలు పోలేదు.

అప్పుడే తలుపు తోసుకుని పట్టాభి వచ్చాడు. ఆ సందు మొదట్లోనే ఆయనకు చీరల కొట్టుంది. చేతిలో కోచింగు సెంటరు సంచీ. "ఏమ్మా, రాలేదుగా? పోనీలే, నేను..."

"కాస్త ఉండు పట్టాభీ," అంది హనుమాయమ్మ, క్లాసులో మాట్లాడిన పిల్లవాడితో అన్నట్టు. "నర్సయ్యగారూ, ఎదురుగా నిలబడితే ఈ బిళ్ళేం చేస్తుంది? గాజు మీద మెరుపు ఏటవాలుగా చూస్తేనే తెగుతుంది. పక్కకు జరగండి. ఇంకొంచెం."

"పక్కకు జరిగితే చెంప ఫొటో వస్తది. గాళ్ళు ముందుమొఖం అడిగిన్రు."

"ముందు మెరుపు పోనివ్వండి."

ఆయన పక్కకు జరిగి, ఏటవాలుగా కెమెరా పెట్టి, బిళ్ళను మెల్లగా తిప్పాడు. కెమెరా వెనక చిన్న తెరలో మీసాలు పలచనయ్యాయి. ట్యూబులైటు చార పోయింది. తలుపు దగ్గరున్న పట్టాభి నీడ పోయింది. చెరువు అడుగు తేటపడ్డట్టు గాజు తేటపడింది. లోపల ఒక చెంప, చెవి పక్కన పుట్టుమచ్చ.

"అమలా," అని పిలిచింది హనుమాయమ్మ.

స్టూలు మీద అమల కదల్లేదు. గాజు లోపలి పిల్ల మాత్రం మెల్లగా తల తిప్పి నేరుగా కెమెరాలోకి చూసింది.

వెంకటనర్సయ్య నొక్కాడు. మూలలు తెల్లగా, మొహం నిండుగా వచ్చింది.

పట్టాభి కెమెరా అందుకుని ఆ తెరలోకి చాలాసేపు చూశాడు. ముక్కు చూశాడు, గడ్డం చూశాడు. తన పోలిక వెతికాడు. దొరకలేదు.

"ఎవరి పోలికమ్మా ఇది?"

"ఎవరి పోలికా కాదు నాన్నా. నేనే."

పట్టాభి కొట్లో చీర నాణ్యం చూసే అలవాటు కొద్దీ కూతురి చున్నీ అంచును వేళ్ళ మధ్య నలిపాడు. "ఆ కాలేజీలో గుంటమగ్గం ఉంటుందా?"

"ఉంటుంది. మొదటి ఏడాదే."

"మా నాన్న దాని మీదే నేసేవాడు." కోచింగు సంచీ స్టూలు కింద పెట్టాడు. "టైమవుతోంది, పంపించు మరి. నర్సయ్యగారూ, నాకోటి పెద్దది ప్రింటు వెయ్యండి."

అమల ఫోన్ తీసింది. ఫొటో ఎక్కింది. ఈసారి పచ్చటి అక్షరాలు వచ్చాయి.

"అగో, నా మీసాల ఉద్యోగం పాయె!" అని వెంకటనర్సయ్య నవ్వాడు.

హనుమాయమ్మ అమల వంక చూసింది. ఎదురుగా ఇంకా తన కళ్ళజోడే. కొంచెం పక్కకు జరిగింది. చెవి పక్కన పుట్టుమచ్చ, దాని మీదుగా జారుతున్న కన్నీటిబొట్టు, ఏ బిళ్ళా లేకుండా ఉత్త కంటికే కనబడ్డాయి.

"పట్టాభీ, నువ్వూ ఇటొచ్చి నిలబడు," అని అతన్ని తన చోటికి లాగి, తన చేతిసంచీ భుజాన వేసుకుంది.

"గప్పుడే పోతున్నరా టీచరమ్మా? చాయ్ చెప్పిన."

"ఆ పిల్లకివ్వండి నాది. జాడీ మీద ఉత్త పళ్ళెం పెట్టి వచ్చాను. మా చంటిగాడు ఈపాటికి వేలు పెట్టే ఉంటాడు. వాసెన కట్టాలి," అంటూ హనుమాయమ్మ మెట్లు దిగింది.