పిన్నిరాణి వేసిన తలుపు

మంగళవారం ఉదయం పదకొండున్నరకి చిన్నకోడలు సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టి, మూలగది అగ్రిమెంటు మీద తాను సంతకం పెట్టనని చెప్పింది. ఎందుకని అడిగితే సీరియల్లో రాణి వల్ల అంది.

అప్పుడు ఆ ముందుగదిలో నలుగురున్నారు. పెద్దకోడలు మెషీన్ మీద ఉంది. అత్తగారు మంచం మీద ఉంది. చిన్నకోడలి కూతురు బల్ల కింద గుడ్డపీలికలు పేరుస్తోంది. ఆ పిల్లకి నాలుగేళ్ళు. ఇంట్లో అందరూ బొత్తాం అని పిలుస్తారు.

తోడికోడళ్ళిద్దరూ ఆ గదిలోనే ఆరేళ్ళుగా బట్టలు కుడుతున్నారు. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు, పొట్టి చేయాల్సిన ప్యాంట్లు. గదిలో మంచం, కత్తిరింపు బల్ల, మెషీన్ పోగా మిగిలిన చోట ఒక మనిషి నిలబడచ్చు. ఇద్దరొస్తే రెండోవాళ్ళు తమ బట్టల మూట అత్తగారి కాళ్ళ మీద పెడతారు. ఆవిడ కాళ్ళు ముడుచుకుని చోటిస్తుంది.

వీధి చివర మూలగది ఖాళీ అయింది. యజమాని ఒకప్పుడు అందులో కళ్ళజోళ్ళ కొట్టు నడిపిన మనిషి. ఒక్కరి పేరు మీద ఇవ్వనన్నాడు. ఒకరు చేతులెత్తేసినా ఇంకొకరు ఉండాలన్నది ఆయన లెక్క. గురువారం సాయంత్రంలోగా ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టకపోతే ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తానని కూడా చెప్పాడు. వచ్చే ఏడాది యూనిఫారాలన్నీ మీకే ఇస్తాం, గది చూపించండి అని స్కూలు వాళ్ళు అన్నారు. గది పోతే ఆ పనీ పోతుంది. పెద్దకోడలు ఆ గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రెండేళ్ళు కాచుకుని ఉంది.

ఇక సీరియల్. అందులో కొండ లోపల ఒక నగరం ఉంటుంది. దానికి ఒకటే తలుపు. పొగమనుషులు వచ్చినప్పుడు ఆ తలుపు వెయ్యాలి. రాజరక్తం ఉన్నవాళ్ళు ఒకరు బయట నిలబడితే తప్ప అది పడదు. రాజు చనిపోయాడు. మిగిలింది పదేళ్ళ చిన్నరాజు, వాణ్ణి పెంచిన సవతితల్లి. వాడు ఆమెని పిన్నీ అంటాడు. చూసేవాళ్ళు పిన్నిరాణి అంటారు. కిందటివారం పొగమనుషులు వచ్చారు. తలుపు పడింది. చిన్నరాజు బయట ఉన్నాడు, పిన్నిరాణి లోపల ఉంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. వాడంతట వాడు వెళ్ళాడా, ఆమె పంపిందా అన్న దగ్గరే పేచీ.

ఈ పేచీ ఆ గదిలో పుట్టింది కాదు. చూసేవాళ్ళు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని వారం నుంచి కొట్టుకుంటున్నారు. నగరంలో ఇన్ని వేల ప్రాణాలుంటే ఒక్క ప్రాణం ఎంత అని ఒకళ్ళు. ఆ ఒక్క ప్రాణం మీ ఇంట్లోదైతే అని ఇంకొకళ్ళు. ఆమే బయట నిలబడచ్చుగా అని ఒకాయన అడిగితే, ఆమె కోడలుగా వచ్చింది, ఆమెది రాజరక్తం కాదు, ఆమె నిలబడినా తలుపు పడదు అని వంద మంది జవాబిచ్చారు. ఆ మాట చదివి వినిపిస్తే అత్తగారు, "ఏ ఇంట్లోనైనా అంతేనన్నమాట" అంది. ప్యాంటు పొట్టి చేయించుకుందామని వచ్చిన లెక్కల మాస్టారు అరగంట నిలబడి పిన్నిరాణి తరఫున వాదించి, ఆ ప్యాంటు ఇవ్వడం మరిచి దాంతోనే ఇంటికి వెళ్ళిపోయాడు.

తోడికోడళ్ళ మధ్య మాట పెరిగింది మంగళవారం.

"వాడే వెళ్తానన్నాడు కదే. ఎన్నిసార్లు చెప్పను" అంది పెద్దకోడలు.

"వీపు మీద చెయ్యేసి తోసింది. నేను చూశాను."

"తోసేదయితే అంతలా ఏడుస్తుందా?"

"ఎక్కడ ఏడ్చింది? ముఖం రాయిలా పెట్టుకుని నిలబడింది."

"నువ్వసలు మనసు పెట్టి చూడలేదు."

"నువ్వసలు చూశావా అని నా అనుమానం."

"ఇంతకీ ఆ గుర్రం ఏమైంది?" అంది అత్తగారు. ఆవిడ మొదటినుంచీ చిన్నరాజు గుర్రాన్నే పట్టించుకుంటోంది.

చిన్నకోడలు కూతురివైపు చూసింది. "సరే అక్కా. కొత్తగదికి వెళ్ళాం. నేను బట్టలివ్వడానికి బయటికెళ్ళాను. బొత్తాం నీ దగ్గరుంది. నిప్పంటుకుంది. మెషీన్ బయటికి తెస్తావా, పిల్లని తెస్తావా?"

పెద్దకోడలు మెషీన్ ఆపి ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించిందన్నది ఇద్దరూ రెండు రకాలుగా చెబుతున్నారు.

"పిల్ల ఎక్కడుందో దాన్నిబట్టి" అంది.

దాని అర్థం ఆమె తర్వాత వివరించింది. మెషీన్ తలుపు దగ్గరా, పిల్ల వెనకాలా ఉంటే దారికి మెషీనే అడ్డం. ముందు దాన్ని లాగితే తప్ప పిల్ల దగ్గరికి వెళ్ళలేరు. ఇదంతా ఆమె ఆ రోజు చెప్పబోయింది. అప్పటికే చిన్నకోడలు సూది పక్కన పెట్టేసింది.

సాయంత్రం ఆరుకి అన్నదమ్ములిద్దరూ ఇంటికి చేరారు. అన్న బస్సు డ్రైవరు. తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. లోపల రెండు వంటలు విడివిడిగా అవుతున్నాయి. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవర్రా ఈ రాణి? మన వీధిలో మనిషా?" అన్నాడు డ్రైవరు.

"సీరియల్లో మనిషట."

"సీరియల్లో మనిషికీ మన గదికీ ఏంటి సంబంధం?"

"ఇందాక ఫోన్లో మా ఆవిడని అదే అడిగాను అన్నయ్యా. అడిగినందుకు నేనూ ఆ రాణి తరఫేనంది."

"నువ్వు ఆమె తరఫా?"

"నేనసలు చూడనే లేదు."

"చూడకుండా తరఫెలా అయ్యావు?"

"అది కూడా అర్థం కాలేదు."

డ్రైవరు లోపలికి వెళ్ళి భార్యని అడిగాడు. ఆమె కొండ, తలుపు, పొగమనుషులు, రాజరక్తం, నిప్పు, మెషీన్ అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. అతను బయటికొచ్చి తమ్ముడితో, "మన మెషీన్ కాలిపోయిందట, లేదా కాలిపోతుందట. పిల్ల బాగానే ఉంది" అన్నాడు.

బుధవారం అతనికి డ్యూటీ లేదు. మధ్యాహ్నం అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు. గొడవ దేనిగురించో కళ్ళతో చూస్తే గానీ మాట్లాడనన్నాడు. తమ్ముడు పనికి గంటసేపు సెలవు చెప్పి వచ్చాడు. ఇద్దరూ తల్లి మంచం మీద చెరోవైపు కూర్చున్నారు. చిన్నకోడలు రోజూ సీరియల్ పెట్టే టాబ్లెట్‌ని నీళ్ళ సీసాకి ఆనించింది. పెద్దకోడలు అలవాటు కొద్దీ మెషీన్ మీదికి వెళ్ళబోయింది.

"ఆ మోటారు ఆపి ఇటొచ్చి కూర్చో. దాని మోతలో ఏం వినపడుతుంది?" అన్నాడు డ్రైవరు.

ఆమె వచ్చి నేల మీద కూర్చుంది. చిన్నకోడలు మూరెడు దూరంలో కూర్చుంది.

తలుపు దగ్గరి సన్నివేశం వచ్చింది. చిన్నరాజు గొంతు వినిపించింది. "నేను వెళ్తాను పిన్నీ. నువ్వు తలుపు వెయ్యి." పిన్నిరాణి గొంతు, "వద్దు నాన్నా, వద్దు" అంటోంది.

చిన్నకోడలు ముందుకి వంగింది. "ఈ మాట ఎప్పుడన్నాడు?"

"ఎప్పుడంటావేంటి? వారం నుంచి చెబుతున్నదేగా" అంది పెద్దకోడలు. ఆ వెంటనే, "ఆపు. వెనక్కి పెట్టు. ఆ చెయ్యి ఎవరిది?" అంది.

"ఎవరిదేంటి? నీ పిన్నిరాణిదే."

"వాడి వీపు మీదెందుకుంది?"

"వారం నుంచి నేనూ అదేగా చెబుతున్నది."

ఫ్రిజ్ మెకానిక్ తమ్ముడు అడిగాడు. "వదినా, ఇది వచ్చేటప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావు?"

ఆ గదిలో వెలుతురు వచ్చేది కిటికీ దగ్గరే. మెషీన్ కిటికీకి ఎదురుగా ఉంటుంది, దాని మీద కూర్చున్నవాళ్ళ మొహం అటే. టాబ్లెట్ వెనక బల్ల మీద ఉంటుంది. కుట్టు వంకర పోతుందని పెద్దకోడలు వెనక్కి తిరగదు. సీరియల్ మొదలైనప్పటినుంచీ ఆమె దాన్ని వింది. మాటలు వచ్చినప్పుడల్లా మోటారు ఆపి వినేది, మాటలు అయిపోగానే మళ్ళీ తొక్కేది. చిన్నకోడలు చేతికుట్టు మనిషి. బల్లకి ఎదురుగా కూర్చుని హుక్కులు, గుండీలు కుడుతుంది. మెషీన్ ఆగినా దాని మోత చెవుల్లో ఉంటుందని, బొమ్మల్నిబట్టి కథ తెలిసిపోతుందని మాటలు పట్టించుకునేది కాదు. సీరియల్ మొదలైనప్పటినుంచీ ఆమె దాన్ని చూసింది. రోజూ పనయ్యాక ఇద్దరూ కథ చెప్పుకునేవాళ్ళు. ఒకరికి తెలియనిది రెండోవాళ్ళు నింపేవాళ్ళు, కాబట్టి ఇద్దరికీ అంతా తెలుసనే అనుకున్నారు. తలుపు పడిన రోజు బొత్తాంకి జ్వరం. ఆ రోజు చెప్పుకోలేదు.

"హమ్మయ్య. గొడవ అయిపోయినట్టే" అన్నాడు డ్రైవరు.

అయిపోలేదు.

"పిల్లాడు ఒప్పుకున్నాడుగా, పాపం ఆమె వద్దంటూనే ఉంది" అంది చిన్నకోడలు.

"వద్దంటూ తోస్తోందే. అది ఇంకా ఘోరం కదా" అంది పెద్దకోడలు.

"ధైర్యం చెప్పడానికి చెయ్యేసి ఉంటుంది."

"నిన్న తోసిందన్నావు."

"నిన్న నాకు మాటలు తెలీవు."

"ఆగండి. నిన్నటిదాకా నువ్వు కదా ఆమె వైపు?" అన్నాడు డ్రైవరు భార్యతో.

"నిన్నటిదాకా."

"మరి నువ్వో అమ్మాయ్?"

"నేను ఏ వైపూ కాదు బావగారూ. ఉన్నది చెబుతున్నాను."

చెయ్యి ముందు పడిందా, మాట ముందు వచ్చిందా చూద్దామని మెకానిక్ వెనక్కి పెట్టాడు. చిన్నరాజు మాట వస్తున్నప్పుడు తెర మీద ఉన్నది పిన్నిరాణి ముఖం ఒక్కటే. ముఖం రాయిలాగే ఉంది, గొంతు ఏడుస్తూనే ఉంది. ఇద్దరూ కలిసి కనబడేసరికి చెయ్యి వీపు మీద ఉంది. ఎప్పుడు పడిందో తెర మీద లేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ లేదు.

"తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ అరిగితే ఎవరు బయట నిలబడినా తలుపు పడదు. అది చూసుకోవాలి ముందు" అన్నాడు మెకానిక్.

"నువ్వు ఊరుకో" అంది భార్య.

"గుర్రం లోపలే ఉండిపోయింది, చూశారా" అంది అత్తగారు.

డ్రైవరు తల పట్టుకున్నాడు. తనకి ముందు ఏమీ అర్థం కాలేదని, ఇప్పుడు అర్థమైంది గానీ ఏది తప్పో తెలియడం లేదని, ముందే నయమని అన్నాడు.

మగవాళ్ళిద్దరూ లేచి వెళ్ళాక పెద్దకోడలు మెల్లగా అడిగింది. "మరి రేపు వస్తావా?"

"రాణి సంగతి వేరు. నీ సంగతి వేరు. నువ్వు ఆలోచించావక్కా."

"ఆలోచించకుండా చెప్పాలా?"

"చెప్పాలి. పిల్లనే తెస్తానని."

"అలా ఎవరైనా చెబుతారు. ఆలోచించకుండా చెప్పే మనిషి దగ్గర పిల్లని వదులుతావా నువ్వు?"

చిన్నకోడలు బొత్తాంని చంకనెత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి కూడా రెండు వంటలే.

గురువారం సాయంత్రం నాలుగింటికి పెద్దకోడలు మూలగదికి వెళ్ళింది. భర్త వెంట ఉన్నాడు. యజమాని కాగితాలు కిటికీ గట్టు మీద పెట్టి, రెండో ఆమె ఏదని అడిగాడు. వస్తోందని పెద్దకోడలు చెప్పింది. వస్తోందో లేదో అప్పటికి ఆమెకి తెలీదు. ఆమె గదిని జానలతో కొలిచింది. వెలుతురు వీధి తలుపు దగ్గరే ఉంది. వెనక గోడ పొడుగునా కళ్ళజోళ్ళు పెట్టిన పాత అల్మరా ఉంది. ఫోన్లు బాగుచేసే అతను వచ్చి ఎదురు అరుగు మీద కూర్చున్నాడు.

అయిదు దాటాక చిన్నకోడలు వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. మెకానిక్ వెనకే ఉన్నాడు. ఆమె కాగితాల వైపు చూడలేదు.

"ఈ గదికి ఇంకో తలుపుందా?" అని యజమానిని అడిగింది.

"అల్మరా వెనక ఒకటుంది. దొంగల భయానికి మూసేశాను. తీసి ఏళ్ళయింది."

"తీస్తారా?"

"ఇప్పుడా? దేనికమ్మా?"

యజమాని పెద్దకోడలి వైపు చూశాడు. పెద్దకోడలు అప్పటికే అల్మరా ఒక కొస పట్టుకుంది. డ్రైవరు రెండో కొస పట్టాడు. అల్మరా జరిగింది. గడియ తుప్పు పట్టి ఉంది. మెకానిక్ సంచిలోంచి నూనె తీసి పోశాడు, సుత్తితో తట్టాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో యజమాని రెండుసార్లు ఇదంతా దేనికని అడిగాడు. తనకీ తెలీదని ఒకసారి డ్రైవరు, ఒకసారి మెకానిక్ చెప్పారు.

తలుపు తెరుచుకుంది. అవతల సందు ఉంది.

"బొత్తాం, ఇటునుంచి వెళ్ళి అటునుంచి రా" అంది చిన్నకోడలు.

పిల్ల వెనక తలుపులోంచి వెళ్ళింది. వీధి తలుపులోంచి లోపలికొచ్చింది. తల్లి మళ్ళీ వెళ్ళమంది. పిల్ల మళ్ళీ వెళ్ళి వచ్చింది. మూడోసారి ఎవరూ చెప్పకుండానే వెళ్ళింది.

చిన్నకోడలు కిటికీ దగ్గరికి వచ్చి సంతకం పెట్టింది. తర్వాత పెద్దకోడలు పెట్టింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదని యజమాని చెప్పాడు. మాట్లాడారని డ్రైవరు చెప్పాడు గానీ, ఏం మాట్లాడారో అతను వినలేదు. ఫోన్లు బాగుచేసే అతను లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉదయం మెషీన్‌ని రిక్షాలో మూలగదికి తెచ్చారు. దాన్ని ఏ గోడకి పెట్టాలన్నది మధ్యాహ్నం వరకూ తేలలేదు.