పది మీద ఆగిన ముల్లు

మాడిన కొనను పట్టకారుతో కత్తిరించి, మిగిలిన రెండు కొసలనూ దగ్గరికి లాగి గట్టిగా మెలి తిప్పాడు రంగస్వామి. కరెంటు పొయ్యి మట్టిపలక గాడుల్లో కాయిల్ బిగుసుకుని కూర్చుంది. ఇంతకుముందు ఎవరెవరో వేసిన అతుకులు నల్లగా ముడులు కట్టి ఉన్నాయి.

ఎదురుగా చంకలో పిల్లవాణ్ణి మార్చుకుంటూ నాగలత నిలబడి ఉంది. కొత్త కాయిల్ వేయాలని అతను అన్నాడు గానీ గట్టిగా అనలేదు.

"సుగ్గికి, కోతల పనికి పోయి వచ్చినంక కొత్తది ఏపిచ్చుకుంటా మామా. మాపుసారికి బండి వస్తాది. ఆడ పిల్లోనికి నీళ్లు కాచల్ల. నీ చేతి అతుకు ఏ పొద్దన్నా ఊడిందా?"

ఆ మాటకు అతని మొహం వెలిగింది. పత్తికొండ బస్టాండు పక్కన, బట్టల అంగడి మెట్ల కింద, గోనెపట్టా మీద కూర్చునే అతన్ని ఊళ్లో అందరూ అతుకుల రంగస్వామి అనే పిలుస్తారు. ఇస్త్రీపెట్టె గానీ నీళ్ల హీటరు గానీ, ఇది పనికిరాదు పారెయ్యి అని ఎవరితోనూ అన్నవాడు కాదు.

చెక్కకు బిగించిన రెండు మీటర్లకు పొయ్యిని తగిలించాడు. ఓల్టేజి ముల్లు రెండు వందల ముప్పై మీద, కరెంటు ముల్లు పది మీద ఆగాయి. ముల్లు కదిలిందంటే సామాను బతికినట్టే, అంతవరకే అతను చూసేది. కాయిల్ ఎర్రబడి, చూస్తుండగానే నారింజ రంగుకు తిరిగింది.

"కొత్తదానికంటే బాగా కాల్తాండాదే" అని నవ్వి, పొయ్యిని కొంగులో చుట్టుకుని పోయింది నాగలత.

పొద్దు నడినెత్తికి వచ్చాక టీ బంకు తిమ్మయ్య ఒక పొయ్యి తెచ్చాడు. అదే రకం, అదే సైజు, కొని వారం కాలేదు. ప్లగ్గులో వైరు వదులైంది. బిగించి మీటర్లకు పెడితే ఓల్టేజి రెండు వందల ముప్పై, కరెంటు ఐదు. పొద్దున నాగలత పొయ్యికి పది. తిమ్మయ్య ఏదో ఎగతాళి ఆడుతున్నాడు గానీ అతనికి వినపడలేదు.

సుద్దముక్కతో మెట్టుబండ మీద వేశాడు. రెండు వందల ముప్పైని ఐదుతో భాగిస్తే నలభై ఆరు. పదితో భాగిస్తే ఇరవై మూడు. నాగలత కాయిల్ కరెంటుకు పెట్టే అడ్డం, అదే రెసిస్టెన్సు, సగానికి సగం పడిపోయింది. అంటే ముందే ఎవరెవరో తుంచి పారేసింది పోగా, మిగిలిన కాస్తనూ పొద్దున తనే ఇంకా కురచ చేశాడు. మళ్లీ గుణిస్తే తిమ్మయ్య పొయ్యి పదకొండు వందల యాభై వాట్లు, నాగలతది రెండువేల మూడు వందలు. దాని ప్లగ్గు ఐదు ఆంపియర్లది; పది లాగితే వైరు కాలి అంటుకుంటుంది.

ఈ లెక్క పదో తరగతిలో నేర్చుకున్నదే. ఆ ఏడు సగంలో, వేరుశనగ చేలో బుడ్డలు పీకేదానికి మనుషులు లేరు రారా అని నాయన అంటే సరే అన్నాడు. ఇంట్లోవాళ్లు చూపిన పిల్లకు సరే అన్నాడు. కర్నూలులో మోటార్లు చుట్టే షాపులో, కరెంటు ఆపకుండానే చూడప్పా అంటే సరే అన్నాడు. ఎడమచేతి రెండు వేళ్లు అప్పుడే వంకరపోయాయి. భార్య పోయాక కూతురు కల్లూరుకు రమ్మంటే సరే, ఇల్లు ఇరుకు, ఇంకొన్నాళ్లు ఆగు నాయనా అంటే దానికీ సరే. ఒక్కసారి ఎదురు చెప్పి ఉంటే ఏమయ్యేదో అతనికి తెలీదు. చెప్పి చూడలేదు.

పక్క అంగట్లో కొత్త కాయిల్ తీసుకుని, పనిముట్ల సంచి తిమ్మయ్యకు అప్పగించి, మధ్యాహ్నం ఎండలోనే బయల్దేరాడు. సాయంత్రం బండి కదా, టైముంది అనుకున్నాడు. టమాటా మార్కెట్ దాటాక కూడా ఆగలేదు.

నాగలత ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి సిద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూలీల మేస్త్రి తొందర పెట్టి బండిని ముందే తెచ్చినాడని, మొగుడూ పెండ్లామూ బిడ్డను ఎత్తుకుని మిరప కోతలకు గుంటూరు పక్కకు పోయినారని చెప్పింది. పొయ్యి? నెత్తిన మూటలోనే పెట్టుకుని పోయింది.

సంగతి విని సిద్దమ్మ నవ్వింది. "అతికిచ్చినోనివి నీవే, పెట్టొద్దనేదీ నీవేనా అప్పా?"

అతని మొహం చూసి నవ్వు ఆపి, నాగలత మొగుడు పరమేష్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

రంగస్వామికి ఆ చోటు చూడకుండానే తెలుసు. చేని గట్టున టార్పాలిన్ గుడిసె. మోటారు షెడ్డు నుంచి అగ్గిపుల్ల లావు కూడా లేని వైరు లాగి ఉంటారు. పక్కనే ఎండిన మిరపకట్టె. రాత్రికి పిల్లవాడికి నీళ్లు కాచాలి.

"ఎప్పుడు ఎత్తితే అప్పుడు చెప్పు సిద్దమ్మా. ఆ పొయ్యి వద్దు. రంగస్వామి వద్దన్నాడని చెప్పు."

సరేలే, పొద్దుగూకినాక మళ్లీ చేస్తా, చెప్తాలే అందామె, గింజ తీస్తూ.

రంగస్వామి నాగలత ఇంటి తలుపు దగ్గరికి పోయి గొళ్లేన్ని తడిమి, ఎండలోకి వెళ్లిపోయాడు.

పొద్దు వాలేదాకా, తాళానికి తగిలించిన కొత్త కాయిల్ ఒక్క అతుకు లేకుండా, మెరుస్తూ, గాలికి తలుపును సన్నగా గీరుతూనే ఉంది.