అతని అధ్యాయం

మళ్ళీ కిటికీ దగ్గరే నిలబడ్డాడు చూడు, ఈ నవలల్లో మగాళ్ళకి కూర్చోడానికి కుర్చీలుండవో ఏమో, కోపమొస్తే కిటికీ, ప్రేమొస్తే కిటికీ, ఏమీ తోచకపోయినా కిటికీయే, చేతులు జేబుల్లో పెట్టుకుని వాన కేసి చూస్తూ ఉంటాడు, వెనక ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని అతని వీపు చూసి ఆ మనసులో ఎంత బాధ దాచుకున్నాడో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, వీపు చూస్తే ఏం తెలుస్తుందమ్మా నీకు, వీపు వీపే, పద్నాలుగేళ్ళుగా నేనూ చూస్తున్నాను, అని ఇక్కడ పాలగిన్నె ముందు నిలబడి నేను పళ్ళు నూరుకుంటుంటే, కౌంటర్‌కి అవతల ఫ్యామిలీ రూమ్‌లో మైత్రి ఆ పేజీనే పైకి చదువుతోంది, గొంతు వణికించి మరీ చదువుతోంది, నెలకోసారి ఒక్కో ఇంట్లో కలిసే మా శాన్ రామన్ ఊరి తెలుగు పుస్తకాల గుంపు ఈ నెల మా ఇంటికొచ్చింది, సోఫా మధ్యలో ఆ నవల రాసిన జ్ఞానప్రసూనగారే కూర్చున్నారు, అమెరికా చూడ్డానికొచ్చి ఊరూరా పాఠకుల ఇళ్ళల్లో దిగుతున్నారట, నేత చీర, కాళ్ళకి సాక్సులు, మొహంలో ప్రయాణపు బడలిక, చుట్టూ ఆడవాళ్ళంతా మైమరిచిపోయి వింటున్నారు, వాళ్ళతో పాటు రఘువీర్ కూడా తలాడిస్తున్నాడు, రఘువీర్ అంటే నా మొగుడు, ఏప్రిల్ నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడని నా మొగుడు, ఇవాళ మాత్రం గుమ్మంలోనే ఆవిడకి వంగి నమస్కారం పెట్టి, రండి మేడం, మా జయంతి మీకు పెద్ద ఫ్యాన్, మీ బుక్స్ అన్నీ కంఠతా పట్టేసింది అన్నాడు, మా జయంతి అట, నా పేరు అతని నోటి నుంచి విని ఎన్నాళ్ళయిందో, అదీ నాతో కాదు, నా గురించి.

ఏప్రిల్లో ఒక ఆదివారం మొదలైంది, ఎందుకో నాకు తెలీదు, ఎందుకో చెప్తే అది మౌనం ఎందుకవుతుంది, కారు పార్క్ చేసేటప్పుడు నేను ఏదో అన్నానా, వాళ్ళ అక్క ఫోన్ చేస్తే త్వరగా పెట్టేశానా, ఆఫీసు వాళ్ళతో హైకింగ్‌కి వెళ్తానన్నందుకా, అన్నీ ఒకటొకటే వేసి చూశాను, ఏదీ తగల్లేదు, ఎప్పుడూ ఇంతే, తప్పేంటో నేనే కనుక్కోవాలి, కనుక్కోలేకపోతే తప్పేంటో తెలీకుండానే సారీ చెప్పాలి, చెప్తే ఏమీ అడగడు, సరే అని కూడా అనడు, మర్నాడు పొద్దున్న ఇస్త్రీ చొక్కా ఏది అంటాడు, అదే రాజీ, అదే పండగ, ఆ చొక్కా మాటకే నేను పొంగిపోయి ఆ రోజంతా కూనిరాగాలు తీస్తూ పనిచేస్తాను, తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, అయినా ఇవాళ వీళ్ళంతా వెళ్ళిపోయాక సారీ చెప్పేద్దామని పొద్దున్నే అనుకున్నాను, ఎందుకంటే నిన్న మా రిషిత వచ్చి, అమ్మా, నాన్న పప్పు చాలా బావుంది అన్నాడు అని చెప్పింది, పన్నెండేళ్ళ పిల్ల, ఏప్రిల్ నుంచీ ఇంట్లో మా ఇద్దరి మధ్యా అదే టపా, నాన్నని అడుగు, అమ్మకి చెప్పు, ఒకే గదిలో మూడడుగుల దూరంలో మేమిద్దరం ఉండగా మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు, పప్పు బావుందన్నాడంటే మెత్తబడ్డాడన్నమాట, పాపం లోపల తనకీ కష్టంగానే ఉంది, తను చెప్పలేడు, నేనే ఒక మెట్టు దిగితే పోలా అనుకున్నాను, ఇదిగో ఇదీ నా ఆలోచన, ఇది నాకెక్కడ పట్టుబడిందో కూడా నాకు తెలుసు, ఆ సోఫాలో కూర్చుందే, ఆవిడ దగ్గరే.

నా కోపం ఆ పుస్తకం బాగోలేదని కాదు, బాగోకపోతే గొడవే లేదు, పెళ్ళై అమెరికాలో పిస్కాటవే ఊరికొచ్చిన మొదటి చలికాలం, నాకు ఉద్యోగం చేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు, బయట మోకాలి లోతు మంచు, ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ మాట్లాడ్డం మానేశాడు, అది మొదటిసారి, నాకు భయమేసింది, గోడలతో మాట్లాడతానేమో అనిపించింది, అప్పుడే పరిచయమైన, పై అపార్ట్‌మెంట్‌లో ఉండే పద్మగారు ఇండియా నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లోంచి ఈ నవల తీసి ఇచ్చారు, నేను దాన్ని చదవలేదు, తాగాను, అందులో ఒక అధ్యాయం ఆమెది, ఒక అధ్యాయం అతనిది, ఆమె అధ్యాయంలో అతను నోరు విప్పడు, విసుగ్గా కంచం తోసేస్తాడు, కిటికీ దగ్గర నిలబడతాడు, తిరగేస్తే అతని అధ్యాయం, అందులో అబ్బో ఎన్ని మాటలో, ఆమె నిద్రపోతుంటే దుప్పటి కప్పాలని చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడట, ఆమె పెట్టిన కూర తింటుంటే అమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసిందట, ఒక్క మాట అంటే ఏడ్చేస్తానేమోనని అనలేదట, అది చదివి నేను పుస్తకం మూసి, సోఫాలో ఫోన్ చూసుకుంటున్న రఘువీర్ కేసి చూశాను, చూస్తే ఎంత వేరుగా కనిపించాడని, భయం పోయింది, జాలేసింది, ఇతనికీ లోపల ఒక అధ్యాయం ఉంది, నాకు చదవడం రాలేదంతే అనుకున్నాను, వెళ్ళి పక్కన కూర్చుని సారీ అన్నాను, మర్నాడు చొక్కా ఏదన్నాడు, అప్పట్నుంచీ అతను నోరు మూసుకున్నప్పుడల్లా అతని అధ్యాయం నేనే చదువుకుంటున్నాను, ఇవాళ ఆఫీసులో ఎవరో ఏదో అనుంటారు, ఇవాళ వాళ్ళ నాన్న గుర్తొచ్చుంటాడు, ఇవాళ నాతో మాట్లాడాలనే అనుకుని తలుపు దాకా వచ్చి ఆగిపోయుంటాడు, ఎంత చక్కగా అల్లేదాన్నని, నాకూ ఎవరైనా శాలువా కప్పాల్సింది.

పోనీ అది పాత నవల, ఇప్పటివి మారాయా అంటే, ఫోన్లో రోజుకో భాగం చొప్పున వచ్చేవన్నీ చదువుతూనే ఉన్నాను, మైత్రి గ్రూపులో పెట్టడం ఆలస్యం నేను మింగేస్తాను, హీరోయిన్‌కి ఉద్యోగం ఇచ్చారు, కారిచ్చారు, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చోబెట్టి టీమ్ లీడ్‌ని చేశారు, పొద్దున్నే మారథాన్లు పరిగెత్తిస్తున్నారు, ఏం లాభం, సాయంత్రానికి ఇంటికొచ్చి అదే వీపు చదువుతుంది, ఇరవైమందికి పని చెప్పి చేయించుకునే మనిషి మొగుడు పలకకపోతే, నీ ప్రాబ్లం ఏంటో నోరు తెరిచి చెప్పు, లేదా పో అని ఒక్క ముక్క అనదు, అంటే అక్కడితో కథ అయిపోతుంది కదా, అందుకని అననివ్వరు, కింద కామెంట్లలో మనవాళ్ళు, పాపం బాబు ఎంత సఫర్ అవుతున్నాడో, త్వరగా కలిపేయండి మేడం అని, నేనూ పెట్టాను అలాంటివి, పెట్టినప్పుడు నిజంగానే ఏడ్చాను.

మైత్రి చదవడం ఆపింది, కళ్ళు తుడుచుకుంటోంది, మేడం, నాదొక క్వశ్చన్ అంది, హీరో చాప్టర్స్ అంత బాగా ఎలా రాశారండీ, మగాళ్ళ మైండ్ అంత డీప్‌గా ఎలా తెలిసింది మీకు, ఎవరినైనా అడిగి రాశారా అంది, నేను డికాక్షన్ వంచుతూ చెవులు రిక్కించాను, పద్నాలుగేళ్ళుగా నాక్కూడా అదే ప్రశ్న, ఏదో ఒక రహస్యం చెప్తుందనుకున్నాను, ఆవిడ హాయిగా నవ్వేశారు, ఎవర్ని అడుగుతానమ్మా, మా ఆయన నాతో మాట్లాడితేగా, నెలలకి నెలలు పలికేవారు కాదు, ఆయన గదిలో పేపరు చదువుకుంటుంటే నేను వంటింట్లో కూర్చుని ఆయన ఏమనుకుంటున్నారో రాసేదాన్ని, అలా అనుకుంటే బావుండు కదా అనిపించిందల్లా రాసేదాన్ని, అంతా నేను కల్పించుకున్నదే అన్నారు, అందరూ గొల్లున నవ్వారు, రఘువీర్ అందరికంటే గట్టిగా నవ్వాడు, బాగా చెప్పారు మేడం, మాలాంటి వాళ్ళకి మీలాంటి రైటర్స్ కావాలి అన్నాడు, మరి ఆయన అది చదివారా మేడం అని మైత్రి అడిగితే, ఆవిడ గాజులు సర్దుకుంటూ, లేదమ్మా, ఆయన నావేవీ చదవలేదు, పోయేదాకా చదవలేదు అన్నారు, ఇంకా నవ్వుతూనే ఉన్నారు గానీ ఈసారి పక్కవాళ్ళు నవ్వలేదు.

కల్పించుకున్నదట, ఆ దుప్పటి, ఆ గొంతు పట్టేయడం, తలుపు దాకా వచ్చి ఆగిపోవడం, అన్నీ ఒక ఆడమనిషి పలికే దిక్కులేక తన వంటింట్లో కూర్చుని రాసుకున్నవి, వాటిని నేను నిజమనుకుని తెచ్చి నా మొగుడికి తొడిగాను, ఎంత కోపమొచ్చిందంటే ఆ క్షణాన వెళ్ళి ఆ పుస్తకం ఆవిడ ఒళ్ళో విసిరేసి, మీరు పడింది పడ్డట్టు రాసుంటే ఏం పోయేదండీ, ఆయన పలకలేదు, నాకు ఎందుకో తెలీదు అని ఒక్క వాక్యం రాసుంటే, పిస్కాటవేలో ఒక ఇరవై నాలుగేళ్ళ పిల్ల సారీ చెప్పకుండా ఉండేది కదా అని కడిగెయ్యాలనిపించింది, ఆవిడ మొహం చూస్తే విసరబుద్ధి కాలేదు, ఆవిడా అది చదువుకునే బతికుంటారు, నాకంటే ముందు పాఠకురాలు ఆవిడే, అది తెలిసి కోపం తగ్గుతుందా అంటే తగ్గలేదు, ఎటు పోవాలో తెలీక ఇంకా పెరిగింది.

అప్పుడు రిషిత వచ్చింది, ట్రేలు తీసుకెళ్ళడానికి, వచ్చి నా మోచెయ్యి పట్టుకుని గుసగుసగా, అమ్మా, నాన్న is like that guy అంది, దానికి తెలుగు చదవడం రాదు, మైత్రి ఆంటీ చదివింది వింది, he's sad inside అమ్మా, చెప్పడం రాదు తనకి, నువ్వు సారీ చెప్పేయ్, then he'll be okay అంది, నాన్న నీతో అలా చెప్పాడా అన్నాను, no, but నాకు తెలుసు అంది, ఎలా తెలుసు అన్నాను, భుజాలెగరేసింది, చూస్తే తెలుస్తుంది అంది, ఆ మాట ఎవరిదో నాకు తెలుసు, నాది, అచ్చంగా నాది, అప్పుడు ఎందుకో అడిగాను, నిన్న పప్పు బావుందని నిజంగా అన్నాడా రిషీ అని, అది నేల చూస్తూ, అన్లేదు, కానీ రెండుసార్లు వేసుకున్నాడు, so I figured, నువ్వు హ్యాపీగా ఉంటావ్ అని అంది, మరి మొన్న, అమ్మ అలిసిపోయింది, బయట తినేద్దాం అన్నాడన్నావే, అదీ నేనే అంది, కళ్ళు నిండిపోయాయి దానికి, మిగతావి అడగలేదు నేను, అడగాల్సిన పనీ లేదు, ఏప్రిల్ నుంచీ నా దగ్గరకొచ్చిన మంచి మాటలన్నీ ఈ పిల్లే తయారుచేసింది, మిడిల్ స్కూల్‌కి వెళ్తూ, లెక్కలు చేసుకుంటూ, మధ్యలో వాళ్ళ నాన్న అధ్యాయం రాస్తోంది, పన్నెండేళ్ళకే నేర్చేసుకుంది, నేనైనా ఇరవై నాలుగు దాకా ఆగాను.

దాన్ని దగ్గరకి తీసుకున్నాను, నువ్వు ఇంక అటూ ఇటూ ఏం చెప్పక్కర్లేదు, సరేనా అన్నాను, మరి నాన్నకి ఏదైనా కావాలంటే అంది, కావాలంటే నాన్న అడుగుతాడు అన్నాను, అంటూనే కాఫీలు పంచాను, అందరికీ నేనే అందించాను, రఘువీర్‌కి కూడా, అతను అందుకుని ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు, జ్ఞానప్రసూనగారికి షుగర్ ఉందని ఎవరి కప్పులోనూ పంచదార వెయ్యలేదు, సీసా కౌంటర్ మీద నా చేతి పక్కనే ఉంది, అతను కప్పు పట్టుకుని కౌంటర్ దాకా వచ్చాడు, నాకెదురుగా నిలబడ్డాడు, నన్ను దాటి చూసి, రిషీ, షుగర్ ఎక్కడుందో అమ్మని అడుగు అన్నాడు, రిషిత నా కేసి చూసింది, నేను దాని చెయ్యి పట్టుకున్నాను, అది కదల్లేదు, రిషీ, నిన్నే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, సోఫాల్లో అందరూ ఇటే చూస్తున్నారు, జ్ఞానప్రసూనగారు మాత్రం తల దించుకుని నేల చూస్తున్నారు, అక్కడ ఏం జరుగుతోందో ఆ గదిలో ఆవిడొక్కరికే పూర్తిగా అర్థమైంది, నేను అతని మొహంలోకే చూస్తున్నాను, అలవాటు కొద్దీ నా బుర్ర అప్పుడే మొదలుపెట్టింది, అందరి ముందూ సిగ్గుపడుతున్నాడేమో, మొదట ఏ మాట అనాలో తెలీక, అని అల్లబోయింది, నోరు మూసుకో అని నా బుర్రకి చెప్పాను, సీసా అతనికి జానెడు దూరంలో ఉంది, జయంతీ, షుగర్ అంటే చాలు, రెండు మాటలు, అనడానికి ఎంతసేపు పడుతుంది, అతను నా కళ్ళల్లోకి చూశాడు, ఏప్రిల్ తర్వాత మొదటిసారి నిండుగా చూశాడు, చూసి, కప్పెత్తి ఆ చేదు కాఫీ మొత్తం తాగేసి, ఖాళీ కప్పు నా ముందు పెట్టి వెనక్కి తిరిగాడు, ఆ వెళ్ళే మనిషి లోపల ఏముందో నాకు తెలీదు, ఎప్పుడూ తెలీదు, నా పిల్లకీ తెలీదు, తెలుసుకోవాల్సిన పని మా ఇద్దరిదీ కాదు, నాకు తెలిసిందల్లా ఒక్కటే, అతను మాట్లాడలేక కాదు, మాట్లాడకూడదనే మాట్లాడలేదు.