పాలపన్ను ఏ ఊరిది

ఇబ్రహీంపట్నంలో ఊడిన పాలపన్నుకు ఒక్కటే దారి, ఇంటి మీదికి. పైకి విసిరితే కొత్త పన్ను తొందరగా వస్తుందని నమ్మకం. ఆ దారి మళ్లించే పనిని సర్కారు తెచ్చి ఆశా కార్యకర్త స్వరాజ్యం నెత్తిన పెట్టింది.

వంద కిలోమీటర్ల అవతల నల్లబండ అనే ఊళ్లో యురేనియం శుద్ధిచేసే ఫ్యాక్టరీ ఉంది. దానివల్ల చుట్టుపక్కల జనానికి ఏమైనా ముప్పుందా అని పరిశోధన జరుగుతోంది. బిడ్డ కడుపులో ఉండగా తల్లి తాగిన నీళ్ల జాడ ముందరి పాలపళ్లలో మిగులుతుందట. అక్కడి పళ్లను పోల్చి చూడటానికి ఫ్యాక్టరీకి దూరంగా ఉన్న ఊరి పళ్లు ముప్పై కావాలన్నారు. అలా ఈ ఊరు ఎంపికైంది.

స్వరాజ్యం నెల రోజులు చెప్పులరిగేలా తిరిగింది. "మా పిలగాండ్ల పండ్లతోని సర్కారుకేం పని?" అని అడగని ఇల్లు లేదు. ఒక మహానుభావుడైతే మేకపిల్ల పన్ను పొట్లం కట్టి పంపాడు. ఎలాగో ఇరవై తొమ్మిది పోగయ్యాయి. ముప్పయ్యోది ఆమె కూతురి కూతురు శ్రీనిధిది. ఆ పొట్లం మీద పేరు రాస్తున్నప్పుడు స్వరాజ్యం మురిసిపోయింది కూడా.

పళ్లు తీసుకుపోవడానికి డాక్టర్ రఘునందన్ స్వరాజ్యం ఇంటికి వచ్చాడు. మంచివాడే, కానీ ఫారం దగ్గరికొస్తే మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. పుట్టిన ఊరు ఇబ్రహీంపట్నం అని సర్టిఫికెట్‌లో ఉంటేనే పన్ను డబ్బాలోకి వెళ్తుంది.

అప్పుడే పక్కింటి రజియా బేగం, తన మనవడు ఖలీల్ పన్నును దూదిలో చుట్టుకొని వచ్చింది. డాక్టర్ సర్టిఫికెట్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"పుట్టింది దేవరకొండల గదమ్మా. గిది పనికిరాదు."

"మా కోడలు పురుడుకు తల్లిగారింటికి పోయింది సార్. పోకుంటే మంది ఏమనుకుంటరు? గంతకుముందు నెలలన్నీ తాగింది గీ ఊరి నీళ్లే గద. జర సోంచాయించు."

"ఫారంల గట్ల లేదమ్మా," అని, ఫోన్ మోగడంతో ఆయన బయటికి వెళ్లాడు.

రజియా బేగం గొణుక్కుంటూ కూర్చుంది. స్వరాజ్యం చూపు మాత్రం డబ్బాలోని శ్రీనిధి పొట్లం మీద పడింది. శ్రీనిధిని కడుపున మోసినప్పుడు కూతురు భవిత ఎక్కడుంది? నల్లబండలో. అల్లుడు వికాస్ అప్పుడక్కడ మెకానిక్. ఏడు నెలలు అక్కడి బోరు నీళ్లు తాగి, పురుటికని పుట్టింటికి వచ్చింది. ఆ తర్వాతే వికాస్‌కు ఆదిభట్లలో కొలువు దొరికి, తుర్కయాంజాల్‌లో కాపురం పెట్టారు. కాగితం మీద శ్రీనిధి ఈ ఊరి పిల్ల. పన్నేమో ఆ ఊరిది.

నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. డబ్బాలోంచి పొట్లం తీసి ఇంటి మీదికి విసిరేసినా అడిగే దిక్కులేదు. చెప్తే ఆ పన్నును నల్లబండ పళ్లతో పాటు పరీక్షిస్తారు, ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబంటేనే ఆమెకు భయం. బంగారంలాంటి పిల్ల, పరుగెత్తితే పట్టుకోలేరు. లేనిపోని ఫికర్ కొనితెచ్చుకోవడమెందుకు? అలా అనుకుంటూనే పొట్లం తీసి గుప్పిట్లో బిగించింది.

"ఏమైంది స్వరాజ్యం, చెమటలు పడుతున్నయ్?" అంది రజియా బేగం.

డాక్టర్ తిరిగొచ్చాడు. స్వరాజ్యం గుప్పిట విప్పింది.

"సార్, రజియక్క చెప్పిందే నిజం. గీ పన్ను మా మనవరాలిది. పుట్టింది ఈడనే గని, నా బిడ్డ ఏడు నెలలు నల్లబండల ఉండె. దీన్ని ఆ దిక్కు రాసుకోండ్రి."

రఘునందన్ పొట్లం అందుకున్నాడు. తర్వాత లిస్టు ముందుకు జరిపాడు. "గీ లిస్టుల ఇంకెంతమంది పురుడుకొచ్చినోళ్ల పిల్లలున్నరు?"

ఎవరి పురుడు ఎక్కడో స్వరాజ్యానికి నోటిలెక్క. "పదకొండుగురు సార్."

ఆయన తల పట్టుకున్నాడు. పెన్ను తీసి ఫారంలో పుట్టిన ఊరు కొట్టేసి, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎక్కడుందని రాశాడు. శ్రీనిధి పన్ను నల్లబండ లెక్కలోకి, ఖలీల్ పన్ను డబ్బాలోకి వెళ్లాయి. రజియా బేగం కొంగు సర్దుకొని, గెలిచినదానిలా లేచి ఇంటికి పోయింది.

"రిపోర్టు వస్తే నాకు చెప్తరా సార్?" అంది స్వరాజ్యం.

"మీకే ముందు చెప్తా. ఏదన్న ఉంటే దవాఖానల నేనే దగ్గరుండి చూపిస్త."

ఆయన వెళ్లాక స్వరాజ్యం కూతురికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పి, తిట్ల కోసం ఎదురుచూసింది.

"మంచిపని చేసినవ్ అమ్మా," అంది భవిత. "ఆరేండ్ల సంది నాకు గదే ఫికర్. ఎవ్వలనన్న అడుగుదామంటే, ఏం చెప్తరో అని భయమై అడగలే."

స్వరాజ్యం ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా పట్టుకుంది. ఆరేళ్లుగా ఊళ్లో అందరి బాగోగులూ అడిగింది, సొంత బిడ్డను ఈ ఒక్కటీ అడగలేదు.

"దానికి ఇంకో పన్ను ఊగుతున్నది," అంది భవిత. "ఊడినంక ఇంటి మీద ఎయ్యనియ్య. దాచిపెడత."