అన్యాయం – ఒకటి, చెక్కది

ఆ ఏడు బడికి కొత్త సబ్జెక్టు వచ్చింది. పేరు చదవడానికే ఊపిరి చాలదు: హిప్‌హాప్, ప్రసార మాధ్యమాలు, సామాజిక న్యాయం. సంగీతం టీచరమ్మ ప్రసూతి సెలవులో ఉంది. సోషల్ మాస్టారు ఆ మాట వినగానే దగ్గడం మొదలుపెట్టాడు. మంగళవారం మూడో పీరియడు ఖాళీగా ఉండి దొరికిపోయినవాడు సైన్సు మాస్టారు. ఇరవై ఆరేళ్లుగా పిల్లల చేత పరీక్షనాళికలు కడిగించిన మనిషి. పుస్తకం చదివించి వదిలేస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ ఆయనకొక జబ్బుంది, ప్రాక్టికల్ లేని పాఠం పాఠమే కాదంటాడు.

మొదటి రోజు బాగానే చెప్పాడు. ఈ పాట పేదల వీధుల్లో పుట్టిందనీ, పేపర్లూ టీవీలూ తమ గోడు చెప్పకపోతే కుర్రవాళ్లు తామే మైకు పట్టుకున్నారనీ వివరించాడు. డస్టరుతో బల్ల మీద దరువు కూడా వేశాడు. సుద్దపొడి లేచి ముందు బెంచీ మొత్తం తుమ్మింది. “ఇక రాయండి” అంటే ముప్ఫై ఎనిమిది మందీ పెన్నులు నోట్లో పెట్టుకున్నారు.

“దేనిమీద రాయాలి సార్? మాకు అన్యాయం ఏదీ కనబడటం లేదు” అంది వసపిట్ట. ఆ పిల్లకు ఆ పేరు ఊరికే రాలేదు. నిద్రలో కూడా వాగుతుందని కన్నతల్లే ఒప్పుకుంది.

మాస్టారికి సబబే అనిపించింది. ఉప్పు చేతికివ్వకుండా ఉప్పును పరీక్షించమంటే ఎలా? వెంటనే హెడ్మాస్టరుకు అర్జీ పెట్టాడు: “ప్రాక్టికల్ నిమిత్తం అన్యాయం, ఒకటి, చిన్న సైజుది, ఇప్పించగలరు.”

హెడ్మాస్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. “ఎంత చిన్నది కావాలండీ?”

“పిల్లలకు కనబడితే చాలండి. ఎవరికీ దెబ్బ తగలకూడదు.”

హెడ్మాస్టరు కిటికీలోంచి బడంతా కలియజూసి, గేటు దగ్గర చూపు ఆపాడు. అక్కడ గేటు కాసే పెద్దమ్మ పదకొండేళ్లుగా కూర్చునే చెక్క స్టూలుంది. మధ్యాహ్నానికల్లా అది ల్యాబు చేరింది. గుమాస్తా స్టాకు రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: “అన్యాయం – ఒకటి, చెక్కది.” మాస్టారు కింద సంతకం చేశాడు.

ప్రాక్టికల్ బ్రహ్మాండంగా సాగింది. పిల్లలు నలుగురేసి గేటు దగ్గరికి వెళ్లి, నిలబడ్డ పెద్దమ్మను పరిశీలించి, రికార్డులో బొమ్మ గీసి భాగాలు గుర్తించారు. అసలే వాచిన మోకాళ్లు, గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా పిల్లలు చదువుకుంటున్నారు కదా అని ఆవిడ కదలకుండా నిలబడింది. శుక్రవారానికి మోకాళ్ల పాట తయారైంది. టోపీలు వెనక్కి తిప్పుకుని, పొద్దున ప్రార్థన మైకులో ఊగిపోతూ పాడారు. తనిఖీకి వచ్చిన అధికారి కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంత నికార్సయిన అన్యాయం నేనెక్కడా చూళ్లేదు. వచ్చే శుక్రవారం మిగతా బళ్లవాళ్లని కూడా తీసుకొస్తా. జాగ్రత్తగా ఉంచండి” అన్నాడు.

స్టూలును గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు.

సాయంత్రం పెద్దమ్మ గేటు పట్టుకుని వంగి నిలబడి, “పాట బావుంది బాబూ. నా స్టూలు ఎప్పుడిస్తారు?” అని అడిగింది.

మాస్టారు హెడ్మాస్టరు గదికి పరిగెత్తాడు.

“ఇచ్చేస్తే అన్యాయం పోతుంది కదండీ! అది లేకుండా సబ్జెక్టెలా చెబుతారు?” అన్నాడు హెడ్మాస్టరు.

మాస్టారు వెనుదిరిగాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పెద్దమ్మ మొహం చూడలేక వారం రోజులు వెనక గోడ దూకి బడికి వచ్చాడు, యాభై నాలుగేళ్ల మనిషి.

శుక్రవారం ఆవరణ నిండా పరాయి బళ్లవాళ్లు, కెమెరాలు. వసపిట్ట మైకు అందుకుంది. అందరూ మోకాళ్ల పాట కోసం చూస్తుంటే కొత్తది ఎత్తుకుంది:

“పని అయ్యాక పరికరం ఎక్కడిదక్కడ పెట్టాలి!
తీసిన చెయ్యే తెచ్చి, తుడిచి మరీ పెట్టాలి!
గోడ మీద రాశారు, రాసిందెవరు సార్?
గేటు కాడ నిలబడ్డది మనిషా, పరికరమా సార్?”

చప్పట్లు మోగిపోయాయి. “మళ్లీ! మళ్లీ!” అన్నాడు అధికారి. మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మొదటి రెండు వరుసలూ ల్యాబు గోడ మీదివి. ఉద్యోగంలో చేరిన ఏడాది ఎర్రరంగుతో ఆయనే రాశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తిన్నగా ల్యాబుకు వెళ్లాడు. ల్యాబు బాధ్యుడు తనే కాబట్టి, బీరువా తాళంచెవి వారం రోజులుగా ఆయన జేబులోనే ఉంది. స్టూలు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, అన్ని కెమెరాల ముందు నుంచీ మోసుకెళ్లి గేటు దగ్గర వేశాడు.

“తప్పయిపోయింది పెద్దమ్మా.”

“పక్కకు జరుగు బాబూ, ముందు కూర్చోనీ” అని ఆవిడ కూలబడి, “అమ్మయ్య” అంది.

“ఇప్పుడు కనబడింది సార్, న్యాయం” అంది వసపిట్ట వెనకనుంచి.

హెడ్మాస్టరు రొప్పుతూ వచ్చాడు. “ఏమండీ! స్టాకులో అన్యాయం ఒకటి తగ్గింది! ఎవరు పూడుస్తారు?”

“నేనే పూడుస్తానండి” అని మాస్టారు జేబులోంచి కాగితం తీసి, అక్కడే మోకాలి మీద పెట్టుకుని అర్జీ రాశాడు: “పాతది యథాస్థానంలో ఉంచడమైనది. బదులుగా హెడ్మాస్టరు గారి కుర్చీ, ఒకటి, ఇప్పించగలరు.”

అది చదివిన హెడ్మాస్టరు గబగబా గదిలోకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. చివరి గంట కొట్టాక కూడా లేవలేదు. ఆయన బయటికొస్తే గేటు వేద్దామని పెద్దమ్మ ఎదురుచూసింది, కూర్చుని.