అటక గదికి అద్దం

పాప తల రెయిలింగులో ఇరుక్కున్న రోజునే, ఆ రెయిలింగు ఇంట్లో ఉండడానికి వీల్లేదని తల్లి తీర్మానించింది.

ఇల్లు కొన్నప్పటికే అది పాతబడిన మోడల్. ముదురు గోధుమరంగు వార్నిషు, మధ్యలో కూజాల్లా ఉబ్బిన చెక్క కడ్డీలు. మెట్ల పక్కనుంచి పైకెక్కి, హాల్లోకి తొంగిచూసే అటక గది అంచు దాకా అదే వరస. కడ్డీకీ కడ్డీకీ మధ్య సందు ఎక్కువ. కింద ఉన్న అమ్మను పిలుద్దామని అయిదేళ్ళ పాప పైనుంచి అందులో తల పెట్టింది. తల దూరింది గానీ, వెనక్కి రావడానికి చెవులు ఒప్పుకోలేదు. చెవులకు వంటనూనె రాసి, బుజ్జగించి బయటికి తీసేసరికి అరగంట పట్టింది. తీసింది బాబాయి.

ఆ బాబాయి, అంటే ఆమె మరిది, ఉండేది ఆ అటక గదిలోనే. భార్యతో విడిపోయి, రెండు సూట్‌కేసులతో "పదిరోజులు ఉంటాను వదినా" అంటూ వచ్చాడు. పద్నాలుగు నెలలైంది. బడిపుస్తకాల ప్రూఫులు దిద్దడం అతని పని. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా ఎర్ర పెన్సిలుతో పైనే ఉంటాడు. రెయిలింగుకు లోపలివైపు ఒక పాత దుప్పటి కట్టుకున్నాడు. ఆమెదీ ఇంట్లోంచి చేసే ఉద్యోగమే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, బీమా కంపెనీకి వచ్చే ఫోన్లకు జవాబులు చెబుతుంది. ఆమె భర్తకు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే. కాబట్టి పాప బడికి వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలేది కింద వదిన, పైన మరిది.

అతని వల్ల ఏ ఇబ్బందీ లేదు. తాగిన కప్పు తనే కడిగేవాడు. పాపకు లెక్కలు చెప్పేవాడు. తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అదే ఆమెకు ఊపిరాడనిచ్చేది కాదు.

రెయిలింగు మేస్త్రీ వచ్చి టేపు పట్టి కొలతలు తీసుకున్నాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. స్టీలు కమ్మీలు, తీగలు, గ్లాసు.

"గ్లాసే బావుంటుంది మేడం. ఇల్లు రెండింతలు కనిపిస్తుంది," అన్నాడు. తర్వాత పైకి చూసి, "పైన ఎవరో పడుకుంటున్నట్టున్నారు. లాఫ్ట్ వరకూ అవతల మనిషి కనిపించకుండా మిల్కీ గ్లాసు వెయ్యమంటారా?" అని అడిగాడు.

పైన దుప్పటి కొంచెం కదిలింది.

"అక్కర్లేదు. అంతా క్లియర్ గ్లాసే," అంది ఆమె. అవసరమైన దానికన్నా గట్టిగా అంది.

భోజనాల దగ్గర మరిది ఒక్క మాటే అన్నాడు. "గ్లాసు మంచిదే వదినా. వెలుతురొస్తుంది." కోపంగా ఏదైనా అనుంటే ఆమె కూడా నాలుగు మాటలని తేలికపడేది. అతను అనలేదు.

సోమవారం మేస్త్రీ మనుషులు పాత రెయిలింగు కోసి తీసుకుపోయారు. గ్లాసు గురువారం రావాలి. రాలేదు. ఫ్యాక్టరీలో గ్లాసు కాల్చి గట్టిపరిచే కొలిమి చెడిపోయిందన్నాడు మేస్త్రీ. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందంటూ రోజులు జరిపాడు. ఈలోగా మెట్లకు ఒకవైపు గోడ, రెండోవైపు గాలి. అటక గది అంచున అడ్డంగా కట్టిన తాడు తప్ప ఏమీ లేదు. మరిది కాగితాలన్నీ సర్దుకుని హాల్లో సోఫా మీదికి దిగాడు. పాప ఎక్కకుండా మెట్ల కింద టీపాయి అడ్డం పెట్టారు.

ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెంచా కిందపడినా పాప ఎక్కడుందో చూసుకునేది. ఫోన్లో ఒకరి పాలసీ నంబరు అడిగి ఇంకొకరిది రాసుకునేది. ఇప్పుడు మరిది పైన కాదు, ఎదురుగానే ఉన్నాడు.

భర్త డ్యూటీ దిగి వచ్చి, "అబ్బ, ఇల్లు ఎంత విశాలంగా ఉందో!" అన్నాడు.

"మీ తమ్ముడు బాధపడ్డాడేమోనండీ."

"వాడా? ఆ ఎర్ర పెన్సిలు వదిలితేగా బాధపడడానికి!" అని, మర్నాడే మళ్ళీ రైలెక్కాడు.

శనివారం ఆమె ఉతికిన బట్టలు పైన బీరువాలో సర్ది, ఖాళీ బుట్టతో దిగుతోంది. కింద ఫోను మోగింది. తొందరలో మెట్టు దిగుతూ ఎప్పటిలాగే ఎడంచెయ్యి చాపింది. చేతికి ఏమీ తగల్లేదు. చెయ్యి వెంట ఒళ్ళూ వాలింది. ఒక పాదం గాల్లోకి వెళ్ళింది. ఎలా కూలబడిందో ఆమెకే తెలియదు. తెలిసేసరికి మెట్టు అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. బుట్ట మాత్రం హాల్లో గింగిరాలు తిరుగుతోంది.

మరిది టీపాయి మీదుగా దూకి వచ్చాడు. ఆమెకు రెండు మెట్లు కింద, రెయిలింగు లేని వైపున అడ్డంగా కూర్చున్నాడు.

"లేవకండి. అలాగే ఉండండి. ఫోను మోగనివ్వండి."

ఫోను మోగి మోగి ఆగింది.

"చెయ్యి దానంతటదే వెళ్ళింది," అంది ఆమె.

"నాదీ వెళ్తోంది. పొద్దున రెండుసార్లు," అని ఆమెవైపు తిరిగి, "వదినా, ఒకటి అడగనా? పొమ్మనలేక పొగపెట్టారంటారు. మీరు అద్దం పెట్టిస్తున్నారా?" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

"పాప తల ఇరుక్కుంది కదా..."

"దానికి దగ్గర దగ్గరగా నాలుగు కమ్మీలు చాలు."

"అవును," అంది చివరికి. "మేస్త్రీ అడగ్గానే నోటికి అదే వచ్చింది. అనేదాకా నాకే తెలీదు."

"నేనేం చేశాను వదినా?"

"ఏమైనా చేస్తే తిట్టేదాన్నిగా! ఏమీ చెయ్యవు. పొద్దస్తమానం నెత్తిమీద ఉంటావు. ఫోన్లో ఎవరికైనా చిన్న అబద్ధం చెబితే నీ పెన్సిలు చప్పుడు ఆగుతుంది. ముక్కు చీదినా ఆగుతుంది."

అతను తెల్లబోయాడు. "నా పెన్సిలా? తప్పు దొరికితే అది కదులుతుంది, దొరక్కపోతే ఆగుతుంది. మీ ముక్కుతో దానికి సంబంధమే లేదు!"

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆమె చేతులు మాత్రం మెట్టును వదల్లేదు.

"ఈ మాట ఎప్పుడో అనాల్సింది," అన్నాడు.

"ఎలా అంటాను? మనసు విరిగి వచ్చినవాడివి."

"విరిగింది అతుక్కుని చాలా రోజులైంది. మీకు చెప్పలేదంతే. వేళకి అన్నం, పాప కబుర్లు. బద్ధకించాను. ఇవాళే గది చూసుకుంటాను."

"ఇప్పుడు వెళ్తే నేను తరిమినట్టు ఉంటుంది."

"మీరే తరిమారు. తప్పేం లేదు," అన్నాడు. లేచి, చెయ్యి అందించాడు.

రెండు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒంటిగది దొరికింది. ఆదివారం అతను, డ్యూటీ దిగి వచ్చిన అన్న సాయంతో సూట్‌కేసులు దించుకుని వెళ్ళిపోయాడు. పాప ఏడ్చి ఏడ్చి సోఫాలోనే నిద్రపోయింది. బుధవారం నలుగురు మనుషులు గ్లాసు పలకలు మోసుకొచ్చి బిగించారు. హాలంతా వెలుతురు పరుచుకుంది. మేస్త్రీ పలకను గుద్ది చూపించి మరీ వెళ్ళాడు.

ఇక ఇల్లంతా ఆమెదే. అయినా కుదురు లేదు. ఎవరూ లేరని తెలిసీ ఫోను పెట్టాక గొంతు తగ్గించి విసుక్కునేది. టేబుల్‌ను కిటికీ దగ్గరికి జరిపింది, తర్వాత గోడవైపు, తర్వాత అటక గదిలోకి. అక్కడ కూర్చుంటే కింద హాలు మొత్తం తననే చూస్తున్నట్టనిపించి మళ్ళీ దించేసింది. గ్లాసు మీద పాప వేలిముద్రలు రోజుకు నాలుగుసార్లు తుడిచేది.

"కోరి మార్పించుకున్నావుగా, ఇంకేం కావాలి నీకు?" అని భర్త అడిగితే, మళ్ళీ గుడ్డ తీసుకుని గ్లాసు తుడవడానికి లేచింది.

పదిరోజుల తర్వాత, మరిది బీరువా మీద మరిచిపోయిన లావుపాటి నిఘంటువు కనిపించింది. పాప బడికి వెళ్ళాక, దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరింది. కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, తలుపు తట్టబోయి ఆగిపోయింది.

లోపల అతను పాడుతున్నాడు. గొంతెత్తి, శ్రుతి అనేది ఒకటుందన్న లెక్కే లేకుండా, బల్ల మీద దరువేస్తూ పాడుతున్నాడు. పైస్థాయిలో గొంతు జీరపోయింది. అతను ఏమాత్రం సిగ్గుపడకుండా మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. పద్నాలుగు నెలల్లో అతను కూనిరాగం తీయగా కూడా ఆమె వినలేదు. నిఘంటువు బరువుకు చెయ్యి లాగుతున్నా, పాట రెండోసారి అయ్యేదాకా నిలబడి, అప్పుడు తలుపు తట్టింది.

పాట టక్కున ఆగింది. తలుపు తీసిన మరిది ముఖం ఎర్రబడింది.

"వదినా! ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే. ఏమీ వినలేదు."

"విన్నారు."

"విన్నాను. రెండో చరణం ఘోరం."

అతను నవ్వి, ఉన్న ఒక్క కుర్చీ మీది కాగితాలు తీసి ఆమెకు వేశాడు.

"మా ఇంట్లో ఒక్కరోజైనా పాడలేదేం?" అని అడిగింది.

"మీరు ఫోన్లో ఉంటారుగా వదినా."

అతను మూలనున్న స్టవ్వు వెలిగించి టీకి నీళ్ళు పెట్టాడు. నీళ్ళు కాగేలోపు కిటికీ దగ్గర నిలబడి, తనకే తెలియకుండా ఆ పాటే సన్నగా అందుకున్నాడు. అది మళ్ళీ ఆగిపోతుందేమోనని, ఆమె ఒళ్ళో ఉన్న నిఘంటువును పక్కన పెట్టకుండా, కదలకుండా కూర్చుంది.