ఉడకని రొయ్య

చైనాలోని సుజౌ ఊళ్లో కాలవ పక్కన లూ వెన్‌పేయ్‌ది చిన్న కంసాలి కొట్టు. మింగ్ రాజుల కాలం అది. ఆడవాళ్లు కొప్పుల్లో గుచ్చుకునే బంగారు సూదుల మీద పురుగుల్నీ, పిట్టల్నీ మలచడంలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం.

రొయ్యలు పట్టే యాన్ ముసలమ్మ తన అరవయ్యో పుట్టినరోజుకని తల్లి నాటి బంగారు కమ్మలు ఇచ్చి, వాటిని కరిగించి రొయ్య సూది చెయ్యమంది. చేసి చేతిలో పెడితే పకపకా నవ్వింది.

“ఇదేంటి నాయనా, ఉడకబెట్టేశావే!”

“రొయ్యే కదా పెద్దమ్మా?”

“పళ్లెంలో రొయ్య! ఇలా ముడుచుకుందంటే అది చచ్చినట్టే. బతికున్నదాన్ని ఎప్పుడన్నా చూశావా?”

చూశానని చెప్పబోయి వెన్‌పేయ్ ఆగిపోయాడు. అల్లం వేసి వండినవి చిన్నప్పటినుంచీ తింటున్నాడు. కదిలే రొయ్యను మాత్రం ఒక్కనాడూ పరీక్షగా చూడలేదు.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె పడవెక్కి ఊరి బయటి సరస్సుకు వెళ్లాడు. ముసలమ్మ నీళ్లలోంచి వెదురు బుట్ట పైకి లాగి, ఒక రొయ్యను తెల్లగిన్నెలో వేసింది. గాజులాంటి ఒళ్లు. కాడల చివర కళ్లు. తాపీగా ముందుకు నడుస్తోంది. వేలు దగ్గరికి పెట్టాడో లేదో, తటాలున వెనక్కి దూకింది.

“వెనక్కా!”

“మరి? ముందుకు దూకితే నీ నోట్లోకే కదా.”

వెన్‌పేయ్ చొక్కా చేతులు తడుస్తున్నా గిన్నె వదల్లేదు. ఏ కాళ్లు నడవడానికి, ఏవి తినడానికి అని ప్రాణం తోడేశాడు. ముసలమ్మ అన్నిటికీ చెప్పింది.

“కదలకుండా ఉన్నప్పుడు కూడా ఆ మీసాలు ఎందుకు ఆడిస్తోంది?”

ఆమె తెడ్డు వేయడం ఆపేసింది. “ఇన్నేళ్లు పట్టాను. ఆ అనుమానమే రాలేదు నాకు. ఏదీ, ఇటు జరుగు!”

ఇద్దరూ తలలు ఆనించి చూస్తూండగా పడవ రెల్లుపొదల్లోకి పోయింది. సంగతి మాత్రం తేలలేదు.

వెన్‌పేయ్ పాత సూది కరిగించి మళ్లీ మొదలుపెట్టాడు. ఒళ్లు చాచి, కాళ్లు విడదీశాడు. మీసాలకు వెంట్రుకంత సన్నటి తీగ చుట్టలు చుట్టి అతికించాడు. పుట్టినరోజునాడు ముసలమ్మ తల తిప్పినప్పుడల్లా అవి వణికాయి. “అత్తయ్యా, పాకుతోంది!” అని కోడలు కెవ్వుమంది.

ఆ మరుసటి ఉదయం వెన్‌పేయ్ మళ్లీ బయల్దేరుతుంటే భార్య అడ్డం వచ్చింది.

“ఇప్పుడెక్కడికండీ?”

“మొన్న ఒక పెళ్లికూతురు బాతుల జంట సూది అడిగిందిగా. నీళ్ల కింద బాతు కాళ్లు ఏం చేస్తాయో నీకు తెలుసా?”

ఆమె చెప్పులు తొడుక్కుంది. “ఉండండి, నేనూ వస్తా.”